సవరణ: ప్రవాసీ సభ ఖర్చు వేరు, కార్మికుల నిధి వేరు

ప్రవాసుల సభలకు ప్రభుత్వ సొమ్ము పెట్టడం సబబేనా అని అడుగుతూ నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులున్నాయి. ప్రవాసీ భారతీయ దివస్ ఏటా జరుగుతుందని, దాని ఖర్చు విదేశాల్లో ఆపదలో ఉన్న మన కార్మికుల నిధిలోంచి తీస్తున్నారని రాశాను. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

2003లో మొదలైన ఈ సభ 2015 తర్వాత రెండేళ్లకోసారి జరుగుతోంది. 2023లో ఇందోర్‌లో, 2025లో భువనేశ్వర్‌లో పెట్టారు. జరిపేది విదేశాంగ శాఖ, ఆతిథ్య రాష్ట్రంతో కలిసి. ప్రతినిధులు రిజిస్ట్రేషన్ రుసుమూ కడతారు.

కార్మికులను ఆదుకునేది 2009లో ఏర్పాటైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్. పాస్‌పోర్టు, వీసా వంటి పనుల మీద మన రాయబార కార్యాలయాలు వసూలు చేసే రుసుమే దానికి ప్రధాన ఆధారం. జీతం ఎగ్గొట్టి యజమాని రోడ్డున పడేసిన మనిషికి తలదాచుకునే చోటు, తిండి, తిరుగు టికెట్టు దాన్నుంచే వస్తాయి. దిక్కులేని పరిస్థితిలో చనిపోయినవారి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చేదీ ఆ నిధే.

ఈ వివరాలు విదేశాంగ శాఖ ప్రకటనల్లో, పార్లమెంటు జవాబుల్లో ఉన్నాయి. అయితే సభ ఖర్చు పద్దులవారీగా జనం ముందు పెట్టాలన్న నా మాటలో మార్పు లేదు. పాత పోస్టు పంచుకున్నవారు దయచేసి దీన్నీ పంచుకోండి.