ఇల్లు దాటాక కిలోమీటరున్నరకు వెలసిన యూ-టర్న్ గారికి

మహారాజశ్రీ యూ-టర్న్ గారి దివ్యసముఖానికి,

హైదరాబాద్ హబ్సిగూడ దారిలో రోజూ స్కూటర్ మీద పోయే ఒక సోషియాలజీ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలంగానే ఉంటారు లెండి, మీకేం, కదలక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నం సంగతి మీ దాకా వచ్చిందో లేదో. మూడు రోజులుగా ఎవరు దొరికితే వాళ్ళకి అదే చెప్తున్నాను. ఇంట్లో వినేవాళ్ళు అయిపోయారు, అందుకే మీకు రాస్తున్నాను.

ఆ పొద్దున సెకండియర్ పిల్లలకి చెప్పిన పాఠం 'సామాజిక నిర్మితి, వ్యక్తి కర్తృత్వం'. మనిషి తన ఇష్టప్రకారం నడుస్తాడా, సమాజం ముందే వేసిపెట్టిన దారిలో నడుస్తాడా అన్నది. బాగానే చెప్పాననుకున్నాను. పన్నెండున్నరకి బండి తీశాను. మా ఇంటికి రెండు వందల మీటర్ల ముందు మీ తమ్ముడు ఒకాయన ఉన్నారు కదా. ఆయన దగ్గర తిరిగి, రాంగ్ రూట్లో ఆ రెండు వందల మీటర్లు వస్తే మా గేటు. బుద్ధిగా పోతే మాత్రం, డివైడర్ అవతల నా గేటు చూస్తూ, మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన నా నీలం చొక్కా చూస్తూ, ఇల్లు దాటేసి తమరి దర్శనం చేసుకుని మళ్ళీ వెనక్కి రావాలి. రోజుకి మూడు కిలోమీటర్లు ఎక్కువ. మూడు వందల పనిదినాలు వేసుకుంటే ఏడాదికి తొమ్మిది వందలు. తిరుపతి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సగం దారి దాటేసినంత. పుణ్యం మాత్రం పైసా లేదు.

ట్రాఫిక్‌లో ఆగి ఉంటే మా ఆవిడ బాల్కనీలోంచి ఫోన్ చేసింది. "ఏమండీ, కనిపిస్తున్నారు. రండి, వడ్డించేస్తున్నా."

తమ్ముడి దగ్గర తిప్పేశాను.

ఆ రెండు వందల మీటర్ల గురించి మీకు తెలియదు, మీరు ఎప్పుడూ అటు రాలేదు. అక్కడ కూడా పద్ధతులున్నాయి. అంచు వెంట ఒకరి వెనక ఒకరు పోవాలి. పట్టపగలైనా హెడ్‌లైట్ వేయాలి. స్కూల్ బస్సు వస్తే కొబ్బరిబోండాల బండి పక్కకి ఒదగాలి. ముఖ్యంగా, ఎదురొచ్చేవాడి కళ్ళలోకి చూడకూడదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, ముందువాణ్ణి చూసి నేర్చుకున్నాను. ఇంగ్లండు సోషియాలజిస్టు ఆంథోనీ గిడెన్స్ 1984లో చెప్పింది ఇదే: నిర్మితి ఎక్కడో పైన కూర్చుని మనల్ని తొక్కదు, మనం రోజూ చేసే పనుల్లోనే మళ్ళీ మళ్ళీ పుడుతుంది, మనల్ని కట్టేసేదీ పని జరగనిచ్చేదీ అదే. పదకొండేళ్ళుగా ఈ ముక్క బోర్డు మీద రాస్తున్నాను. కొబ్బరిబోండాల బండి పక్కన ఒదిగినప్పుడు గానీ అర్థం కాలేదు.

అలా ఒదిగి ఉండగా ఎదురుగా, సరైన దారిలో, హెల్మెట్ పెట్టుకుని మా సెకండియర్ కుర్రాడు వచ్చాడు. సడెన్ బ్రేక్. బండి కాస్త జారింది.

"నమస్తే సార్. ఇటు నుంచి వస్తున్నారేంటి సార్?"

ఏం చెప్పను? నిర్మితి అనా, కర్తృత్వం అనా? వాడు పడి ఉంటే ఆ పాపం నాదే, అది మీ మీదికి తోయను. అంతమాత్రం సిగ్గు మిగిలే ఉంది.

పది గజాల అవతల కానిస్టేబుల్ ఉన్నాడు. నా ముందు ఆరుగురు పోయారు, నా వెనక ఎంతమందో. ఆయనకి నేను దొరికాను. "అందరూ వస్తున్నారు కదండీ" అన్నాను, మా క్లాసులో వెనక బెంచీవాడు అన్నట్టు. ఆయన ఫోన్ ఎత్తి నా నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుంటూ, కోపం కూడా లేకుండా చెప్పాడు:

"అందరి పేరు మీద చలానా రాయనీకి రాదు సార్. బండి ఎవరి పేరు మీదుంటే ఆళ్ళ పేరు మీదనే పోతది."

యూ-టర్న్ గారూ, ఈ మాట నన్ను నిద్ర పోనివ్వట్లేదు. అమెరికాలో సి. రైట్ మిల్స్ అనే ఆయన 1959లోనే ఒక లెక్క చెప్పాడు. లక్షమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే ఉద్యోగం లేకపోతే వాడి తీరు చూడు, వాడి పనితనం చూడు. ఐదు కోట్ల మంది ఉద్యోగులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే అది వాళ్ళ సొంత కష్టం కాదు, దేశం సమస్య. మరి రోజూ మా కాలనీ కాలనీ ఆ రెండు వందల మీటర్లలో పోతుంటే? మా అందరికీ ఒకేసారి బుద్ధి చెడిందా? చలానా మీద నా పేరుంది, బండి నంబరుంది, ఫొటోలో నా బట్టతల కూడా ఉంది. డివైడర్ మీద ఎవడి పేరుంది? నిన్ను ఇక్కడ, ఇంత దూరంలో పెట్టినవాడెవడు? వాడి ఇల్లు ఏ వైపుంది? వాడి ఫొటో ఎవరు తీశారు?

క్షమించండి, ఏకవచనం వచ్చేసింది.

మీ కుటుంబంలో మిగతావాళ్ళ మీద నాకు పెద్ద ఫిర్యాదుల్లేవు. ఫ్రీ లెఫ్ట్ గారు ఆటోలకి ఫ్రీగా ఇచ్చేశారు, సంతోషం. సిగ్నల్ టైమర్ గారు తొమ్మిది దగ్గర ఆగి మళ్ళీ తొంభై నుంచి మొదలెడతారు, పెద్దవారు, లెక్క తప్పుతుంది.

నడిచేవాళ్ళని మాత్రం మీరందరూ కలిసి మరిచిపోయారు. మా గేటుకి ఎదురుగా డివైడర్ గ్రిల్‌లో ఎవరో మహానుభావుడు రెండు ఊచలు వంచాడు. ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు. సాయంత్రం ఆరింటికి ఇళ్ళల్లో పనిచేసి వచ్చే ఆడవాళ్ళు ముందు టిఫిన్ బాక్స్ అవతల పెట్టి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, తర్వాత తాము దూరతారు. ఊచలు అక్కడ చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తాయి. రెండుసార్లు వెల్డింగ్ చేయించారు, రెండుసార్లూ వారం తిరక్కుండా వంగాయి. మా ఆవిడ పెరుగు తెచ్చేది ఆ సందులోంచే. శనివారం కూడా ఆ పెరుగుతోనే తిన్నాను, మూడున్నరకి.

ఎందుకంత ఆలస్యమంటారా? చలానా అయ్యాక, పౌరుషం వచ్చి, బండి తిప్పుకుని పూర్తి దారిలో వచ్చాను. పెట్రోల్ బంకు, ఊరేగింపు, మీ దగ్గర ఇసుక లారీ అడ్డం. చివర్లో ఇల్లు కనిపిస్తుండగా రాంగ్ రూట్లో ఒక డెలివరీ కుర్రాడు ఎదురొచ్చాడు. హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు నేను. "చదువుకోలేదా?" అని కూడా అరిచాను. "సారీ అంకుల్" అని వాడు కొబ్బరిబోండాల బండి పక్కకి ఒదిగాడు.

ఇదంతా శనివారం మాట. అసలు ఈ ఉత్తరం ఇవాళ రాయడానికి కారణం వేరే. పొద్దున మీ పక్కన పసుపు బారికేడ్లు దింపి పెట్టారు. మా వాచ్‌మన్ ఎక్కడ విన్నాడో, మిమ్మల్ని మూసేస్తారట. మీ తర్వాతి వారు ఇంకో కిలోమీటరు అవతల, ఫ్లైఓవర్ కింద ఉన్నారు.

అయ్యా, పై పేరాల్లో రాసినవి మనసులో పెట్టుకోకండి. ఉండండి. అక్కడే ఉండండి.

ఇట్లు,
మూడో అంతస్తు నీలం చొక్కా తాలూకు మనిషి