ముందు పార్కు జాగా కాపాడండి, రంగులు తర్వాత

హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు జంక్షన్లలో ట్రాఫిక్ తగ్గించడానికని ప్రభుత్వం పెట్టుకున్న ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పథకం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2016లో ఇక్కడే చెట్లు కొట్టొద్దని జనం రోడ్డెక్కారు, పథకం పేరు మారి మళ్లీ అదే గొడవ మొదలైంది. ట్రాఫిక్ నరకం నిజమే, సాయంత్రం పూట జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఫ్లైఓవర్ కావాలంటే తప్పుపట్టలేం. మా భయం ఆ ఒక్క రోడ్డు గురించి కాదు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి ఇది. దాని చుట్టూ 2020లో ఇచ్చిన ఎకో సెన్సిటివ్ జోన్, అంటే అడవికి రక్షణగా కట్టడాల మీద ఆంక్షలుండే పట్టీ, కొన్నిచోట్ల 3 మీటర్లే! ఇంత చట్టం అండగా ఉన్న పార్కుకే అంచులు అరుగుతుంటే కాలనీ పార్కుకు దిక్కెవరు?

లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, గిఫ్ట్ డీడ్‌తో, అంటే ఉచితంగా రాసిచ్చే దస్తావేజుతో, మున్సిపాలిటీకి అప్పగించాలి. ఆ డీడ్ రిజిస్టర్ చేయించకుండా వదిలేసిన చోట పదేళ్ల తర్వాత అదే స్థలం ప్లాట్లుగా అమ్ముడుపోతుంది. డీడ్ ఉన్నచోట ఇంకో రకం. ముందు ఓ మూల వాటర్ ట్యాంకు, దాని పక్కన సంఘం ఆఫీసు, పండక్కి వేసిన షెడ్డు తీయరు, అదే కమ్యూనిటీ హాల్ అవుతుంది. ఒక్కోటీ మంచి పనే కాబట్టి అడ్డుచెప్పినవాడే చెడ్డవాడవుతాడు. ఒక్క మూల ఇచ్చామంటే రెండో మూల అడగడానికి అదే సాకు.

మంచి పనికే కదా అన్న ఈ వాదన కోర్టులో ఎప్పుడో ఓడింది. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆస్పత్రి కూడా జనం కోసమే కదా అన్న మాట అక్కడ నిలవలేదు. ఆస్పత్రికే చెల్లనిది ఫంక్షన్ హాలుకు ఎలా చెల్లుతుంది?

అయినా పార్కుల అభివృద్ధి అనగానే ఫౌంటెన్లు, ఎల్‌ఈడీ లైట్లు, సెల్ఫీ పాయింట్లు, థీమ్ పార్కులే మన అధికారులకు గుర్తొస్తాయి. ముందు సర్వే చేసి హద్దురాళ్లు పాతండి, గేటు మీద సర్వే నంబరు, విస్తీర్ణం రాసి పెట్టండి. ఆ తర్వాత ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగడానికి నీళ్లు, మొక్కలకు నీళ్లు పోసే మాలీ. మధ్యాహ్నం గేటుకు తాళం వేయడం మానండి, ఎండలో తిరిగే డెలివరీ కుర్రాళ్లకూ కూలీలకూ నీడ దొరికేది అక్కడే. పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసమే పార్కు కట్టలేదు. బస్తీలో అయితే పిల్లలు ఆడుకునే ఒక్క మైదానం మిగిలినా చాలు, దాన్ని ముట్టుకోకండి.

వీటిలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు. వార్డువారీగా ఏ పార్కు ఎన్ని గజాలు, ఇప్పుడెంత మిగిలిందో జాబితా బయటపెట్టడానికి కార్పొరేషన్‌కు ఏం అడ్డం? ముందు ఆ లెక్క చెప్పండి, అప్పటిదాకా కొత్త థీమ్ పార్కుకు రిబ్బన్ కత్తిరించడానికి రావద్దు.