మిగిలిన ముక్క

మా కారుకి వయసు మీద పడింది. దింపిన అద్దం ఎక్కదు, ఎక్కిన అద్దం దిగదు. వాటితో రాజీపడ్డాను గానీ, ఇంజిన్ లైటు వెలిగితే మాత్రం నాకు కంటి మీద కునుకుండదు. స్కానర్ పెడితే పి 0135 అని చూపించింది. అంటే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపమట.

ఈ సెన్సర్ పొగగొట్టంలో ముక్కు పెట్టి కూర్చుంటుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దాకా పలికి, కంప్యూటర్‌కి చాడీలు మోస్తుంది. ఒళ్లు 300 డిగ్రీలు దాటి కాలితే గానీ నోరు విప్పదు. అందుకే లోపల ఓ హీటర్.

ఈ మాత్రానికి మెకానిక్ ఎందుకని 22 ఎంఎం పానా పట్టుకుని కారు కింద దూరాను. మూడు గంటలకి సెన్సర్ మారింది, చొక్కా రంగు మారింది, ఇంట్లో నా మీద అభిప్రాయం కూడా మారింది. అంతా బిగించాక ఓ చిన్న ప్లాస్టిక్ క్లిప్పు మిగిలింది. మిగిలిందంటే అక్కర్లేదనేగా!

లైటు ఆరింది. పదకొండో రోజున మళ్లీ వెలిగింది. నకిలీ సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ ఇంకోటి వేశాను. ఆరింది, వెలిగింది. మూడోదీ అంతే. చివరికి పాతవన్నీ మూటగట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

ఆయన కొనలు తిప్పి తిప్పి చూశాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టట, తెల్లపూత కనిపిస్తే కూలెంటో సిలికోన్ గమ్మో లోపలికి పోతున్నట్టట. నావి శుభ్రంగా ఉన్నాయి. మల్టీమీటర్ కూడా పెట్టి చూశాడు.

"మొదటిది పోయింది సార్. ఈ రెండూ బానే ఉన్నాయి. బతికుండగానే పాడె కట్టేశారు."

కారు కిందికి టార్చి వేసి నన్నూ వంగమన్నాడు. కారు వైపు నుంచి వచ్చే వైరు పొగగొట్టం మీద వాలి, తొడుగు కరిగి, రాగి బయటపడింది. గతుకుల్లో అది గొట్టానికి తగిలినప్పుడల్లా షార్టు. నేను సెన్సర్ మార్చినప్పుడల్లా చెయ్యి తగిలి వైరు కాస్త పక్కకి జరిగేది, లైటు ఆరేది. పేరు మాత్రం కొత్త సెన్సర్‌కి వచ్చేది.

"దీన్ని పైకి పట్టి ఉంచే క్లిప్పు ఒకటుండాలే సార్, ఏమైంది?"

నేను టార్చి బాగా వెలుగుతోందన్నాను.

ఇంటికొచ్చి వెతికితే క్లిప్పు దొరికింది. మా ఆవిడ సబ్బుపొడి ప్యాకెట్ మూతికి పెట్టుకుంది. లాగబోతే చెయ్యి పట్టుకుంది.

"అది తీస్తే పొడి గడ్డకడుతుందండీ. బదులేమిస్తారు?"

మూడు ఆక్సిజన్ సెన్సర్లు ముందు పెట్టాను. ఒక్కటీ మూతికి పట్టలేదు.