తాళాలు చేతికిచ్చే ముందే

మద్యం తాగి బండి నడపడంపై భారత చట్టం స్కూటరుకూ, నలభై టన్నుల లారీకీ ఒకే గీత గీసింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత, తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అమెరికాలో చాలా రాష్ట్రాలు సాధారణ వాహనదారులకు 80 మిల్లీగ్రాముల వరకు ఉపేక్షిస్తాయి. లారీ నడిపేటప్పుడు మాత్రం పరిమితి 40. చూడబోతే భారత పరిమితే కఠినం! కాబట్టి అంకెతో మాకు పేచీ లేదు. దాన్ని ఎవరు, ఎప్పుడు కొలుస్తున్నారన్నదే మా ప్రశ్న.

రహదారి పక్కన పోలీసు చేతిలోని బ్రీత్ అనలైజర్ దాకా వచ్చేసరికి ఆ లారీ ఎన్ని ఊళ్లు దాటి ఉంటుందో! గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మత్తులో కాలు బ్రేకు మీదికి చేరడం ఒక్క సెకను ఆలస్యమైనా బండి అంత దూరం అదనంగా దూసుకుపోతుంది. సరుకు బరువు వల్ల ఆగడానికి పట్టే దూరం వేరే లెక్క.

అంతకన్నా మోసకారి, రాత్రి తాగిన మద్యం. శరీరం దాన్ని తన తీరికలోనే కరిగిస్తుంది. సగటున గంటకు తగ్గేది 15 మిల్లీగ్రాములే. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి ఉదయం ఆరింటికి ఇంకా 60 మిగిలే ఉంటుంది, అంటే చట్టం ఒప్పుకున్నదానికి రెట్టింపు. చన్నీళ్ల స్నానం, చిక్కటి కాఫీ ఆ లెక్కను మార్చలేవు. నిద్రపోయి లేచాడు, తూలడం లేదు, మాట తడబడటం లేదు. తాను తాగి నడుపుతున్నానని అతనికే తెలియదు.

ఇలాంటివారిని బయలుదేరే చోటే ఆపాలి. అమెరికాలో రవాణా సంస్థలు డ్రైవర్లకు ఆకస్మిక పరీక్షలు జరిపి తీరాలి. ఒక సంస్థలో పరీక్షలో విఫలమైనవాడు మరో సంస్థలో గుట్టుగా చేరిపోకుండా 2020 నుంచి జాతీయ స్థాయి రికార్డు కూడా నడుస్తోంది. ఫ్రాన్స్ 2015 నుంచి కోచ్ బస్సులన్నిటికీ, ఊది నెగ్గితే తప్ప ఇంజిన్ అంటుకోని పరికరాన్ని తప్పనిసరి చేసింది.

భారత చట్టం యజమానిని పూర్తిగా మరిచిపోలేదు. తాగి నడిపే నేరాన్ని ప్రేరేపించినవారికీ అదే శిక్ష అని 188వ సెక్షన్ చెబుతోంది. అయితే 'నాకు తెలియదు' అన్న మాట చాటున యజమాని తప్పుకోవచ్చు. తెలుసుకోవడం అతని విధి అని చట్టం చెప్పనంత కాలం, తెలుసుకోకపోవడమే అతనికి లాభం. అందుకే బయలుదేరే ముందు శ్వాస పరీక్ష చేసి, ఫలితాన్ని నమోదు చేయడాన్ని రవాణా సంస్థల బాధ్యతగా చట్టంలో రాయాలని కోరుతున్నాం. సొంత లారీని తానే నడుపుకునేవారిని ఎవరు పరీక్షిస్తారని అడగవచ్చు. సరుకు ఎక్కించిన లారీని కాటా మీద తూచి, గేటు పాసు ఇచ్చే చోట ఇంకో నిమిషం పట్టదా?

శిక్ష సంగతికొస్తే, అమెరికా కనికరం చూపదు. తొలిసారికి వాణిజ్య లైసెన్సు ఏడాది పాటు పోతుంది. ప్రమాదకర పదార్థాలు మోస్తూ దొరికితే మూడేళ్లు, రెండోసారి దొరికితే జీవితాంతం. సొంత కారులో తాగి నడిపినా, పరీక్షకు నిరాకరించినా అంతే. రోడ్డెక్కినవాడి విషయంలో ఈ కాఠిన్యం సబబే. గేటు దగ్గరే ఆగిపోయినవాడి సంగతి వేరు. అమెరికాలోనూ పరీక్షలో విఫలమైనవాడు తిరిగి విధుల్లో చేరే దారి ఉంది: నిపుణుడి మదింపు, సూచించిన చికిత్స, ఆపై తొలి ఏడాదిలో కనీసం ఆరు ఆకస్మిక పరీక్షలు. గేటు దగ్గర విఫలమైన డ్రైవరుకు ఆ ట్రిప్పు పోవాలి, ఆ రోజు సంపాదన పోవాలి. మొదటి తప్పుకే ఉద్యోగం ఊడుతుందంటే, గేటు దగ్గరి సూపర్‌వైజరే జాలిపడి ఆ యంత్రాన్ని సొరుగులో పెట్టేస్తాడు.