ఒక్కరోజు వేషానికి ఏడాది లెక్క

నెల్లూరులో ఏ వీధికి వెళ్లినా నాలుగిళ్లకొకటి కుట్టు మిషను చప్పుడు వినిపిస్తుంది. వేదాయపాళెం, మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట, ఎక్కడైనా గేటుకు కట్టిన బోర్డు మీద జాకెట్లు, ఫాల్, పికో అనే ఉంటుంది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం లక్షమందికి పైగా బీసీ, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేద) మహిళలకు ఉచితంగా కుట్టు నేర్పి మిషన్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. నేర్పడం చాలా మంచి పని. కానీ నేర్చుకున్న వాళ్లందరూ జాకెట్టు దగ్గరే ఆగిపోతే కుట్టుకూలి పెరగదు. పక్కింటామె పది రూపాయలు తగ్గిస్తే మనమూ తగ్గించాల్సి వస్తుంది. మా అమ్మ ముప్పై ఏళ్లు అలాగే కుట్టింది. ఆమె మిషను మీదే నేను బడిపిల్లల వేషాల డ్రెస్సులు మొదలుపెట్టాను. ఇంట్లో ఉండి ఏదైనా చేయాలనుకునే ఆడవాళ్లకు ఈ పని బాగా సరిపోతుందని నా నమ్మకం. అయితే కుట్టి అమ్ముదామనుకుంటే నిలవదు. అద్దెకు ఇస్తేనే నిలుస్తుంది.

ఐదేళ్ల పిల్లవాడి కృష్ణుడి డ్రెస్సునే తీసుకుందాం. గుడ్డ, లైనింగ్, జరీ లేసు, కిరీటం, మురళి, దండ అన్నీ కలిపి 450 రూపాయలు అయ్యాయనుకుందాం. కుట్టుకూలి కలిపి 800 చెబితే తల్లి ఫోన్ తీసి ఆన్‌లైన్లో అంతకంటే తక్కువకు దొరికేది చూపిస్తుంది. “ఒక్కరోజుకే కదా అక్కా” అంటుంది. ఆమె మాట న్యాయమే, పిల్లవాడు వచ్చే ఏడాదికి రెండంగుళాలైనా పెరుగుతాడు. అదే డ్రెస్సు 200 అద్దెకు, 300 డిపాజిట్‌కు ఇస్తానంటే బేరమే ఉండదు. మూడుసార్లు బయటికి వెళ్లొస్తే సామాను డబ్బు వచ్చేస్తుంది. గట్టిగా కుట్టిన డ్రెస్సు పదీ పన్నెండు సార్లు ఆగుతుంది. మన కూలి ఆ తర్వాతి అద్దెల్లో ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, అందరికీ డ్రెస్సు కావలసింది ఒకే రోజు. 2025లో ఆగస్టు 15కు మర్నాడే కృష్ణాష్టమి వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. వారం తిరిగేసరికి డ్రెస్సులన్నీ బీరువాలోకి వెళ్లిపోయాయి. కృష్ణుడి డ్రెస్సులు నలభై కుట్టిపెట్టుకుంటే అవి ఏడాదిలో 360 రోజులు పడుకుని ఉంటాయి. అందుకే నేను వేషాన్ని కాకుండా పంచెను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. నడుముకు ఎలాస్టిక్ వేసి కుచ్చిళ్లు కుట్టేసిన పసుపు పంచెకు మురళి ఇస్తే కృష్ణుడు, విల్లు ఇస్తే రాముడు, చిడతలు, తంబురా ఇస్తే నారదుడు. తెల్ల పంచె ఇంకా మేలు. గాంధీ, ప్రకాశం పంతులు, పొట్టి శ్రీరాములు అందరూ దాంట్లోనే వస్తారు. ప్రకాశం జిల్లా బడుల్లో ఆగస్టు 23న పంతులుగారి జయంతి, నవంబరు 1న రాష్ట్ర అవతరణ, 14న బాలల దినోత్సవం, జనవరి 26, ఇలా ఒక్క తెల్ల పంచెకే ఏడాదిలో ఐదారు పిలుపులు ఉంటాయి.

కొలతల మీద కూడా మొదట్లో దెబ్బతిన్నాను. జాకెట్టు కుట్టిన చేయి ఒంటికి అతికినట్టు కుట్టాలని చూస్తుంది. అద్దె డ్రెస్సుకు ఆ అలవాటు పనికిరాదు. పక్క కుట్లలో రెండంగుళాల గుడ్డ వదలాలి. హుక్కుల బదులు నాడా పెట్టాలి. భుజకీర్తులు, వడ్డాణం విడిగా వెల్క్రోతో అంటుకునేలా ఉండాలి. అప్పుడే గుడ్డ ఉతుక్కోవచ్చు. కొత్త ఎర్ర గుడ్డను ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి రంగు చూడకుండా తెల్లదాని పక్కన కుడితే మొదటి ఉతుక్కే మొత్తం గులాబీ రంగు అయిపోతుంది. నావి ఆరు డ్రెస్సులు అలాగే పోయాయి.

కూచిపూడి డ్రెస్సుల జోలికి మొదటి ఏడాది వెళ్లొద్దంటాను. దాని కత్తిరింపు వేరు. విసనకర్రలా విచ్చుకునే ముందు కుచ్చిళ్లు, పయ్యెద ముక్క, నడుము ముక్క అన్నీ ఆ పిల్ల కొలతకే కుట్టాలి. పట్టుగుడ్డ ఒక్కసారి తప్పు కత్తిరిస్తే ఆ నష్టం చిన్న పెట్టుబడి తట్టుకోలేదు.

చాలామంది గమనించనిది క్రిస్మస్. ఒంగోలు, నెల్లూరు రెండూ పంతొమ్మిదో శతాబ్దం నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన ఊళ్లు. డిసెంబరులో చర్చి పిల్లల నాటికలకు దేవదూతల రెక్కలు, గొర్రెల కాపరుల అంగీలు, ముగ్గురు జ్ఞానుల కిరీటాలు కావాలి. అంగీలకు కొలత బాధ లేదు, నేరుగా వేసే కుట్లే. కాకపోతే మనకు అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. తుపాను పడితే నాలుగు రోజులు గుడ్డ ఆరదు. మడతపెట్టిన శాటిన్‌కు బూజు మచ్చలు వస్తాయి, జరీ నల్లబడుతుంది. తిరిగొచ్చిన డ్రెస్సును ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టాలి. ఇంట్లో ఒక గది, కనీసం ఒక పొడి గోడ దీనికి వదలగలమా అన్నది మిషను కొనకముందే తేల్చుకోవాలి.

సరుకు విషయంలో మనం అదృష్టవంతులం. నెల్లూరు వాళ్లు పొద్దున రైలెక్కితే చెన్నై షావుకారుపేటలో లేసులు, గోడౌన్ స్ట్రీట్‌లో గుడ్డ కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఒంగోలు వాళ్లకు విజయవాడ వస్త్రలత ఉంది.

అప్పు సంగతి కొంచెం నిదానంగా ఆలోచించాలి. చేతివృత్తుల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు ఇస్తారు. చిన్న వ్యాపారాలు పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. వడ్డీ తక్కువే. కానీ లక్షను 18 నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 5,800 వాయిదా. మన డబ్బు నెలనెలా రాదు. ఆగస్టు, డిసెంబరు, బడుల యానివర్సరీలు జరిగే ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. ఏప్రిల్, మేలో ఒక్క ఫోనూ రాదు. ఆ రెండు నెలల వాయిదా టెన్షన్ తట్టుకోలేక డ్రెస్సులు అయినకాడికి అమ్ముకున్న వాళ్లున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద పోరాడిన జిల్లా మనది. ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఉద్యమం ఊపందుకున్నదీ ఇక్కడే. సీజన్ పనులు చేసే సభ్యులకు ఆ పొదుపు సంఘాలే వేసవి రెండు నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకుని అసలును ఆగస్టుకు జరిపితే ఈ పని నిలబడుతుంది. పంట అప్పుకు కోత దాకా ఆగుతున్నప్పుడు కుట్టుపనికి పండగ దాకా ఆగడం అన్యాయం కాదు.

బడుల ఆర్డర్లు పెద్దవి, వాటి బాకీలూ పెద్దవే. ఒక ప్రైవేటు బడి యానివర్సరీకి ముప్పై డ్రెస్సులు కుట్టించుకుంది. ఆ డబ్బు కోసం జూన్ దాకా తిరిగాను. అప్పటి నుంచి సగం డబ్బు చేతిలో పడ్డాకే కత్తెర పట్టుకుంటున్నాను. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు జూన్ మంచి నెల. బడులు తెరుస్తారు, ఆగస్టుకు రెండు నెలలు చేతిలో ఉంటాయి. ఐదు పసుపు పంచెలు, ఐదు తెల్ల పంచెలు, రెండేసి సైజుల్లో. వాటి అద్దె వచ్చాకే పదకొండోది.