పెట్టెలు ఎత్తుకెళ్తే ప్రశ్న పోతుందా?

ఓటు వేయడానికి వచ్చిన పెద్దావిడ తల పగిలి ముఖమంతా నెత్తురైంది. ఆ ఫొటో 2017 అక్టోబరు 1, ఆదివారం ప్రపంచమంతా చూసింది. అది అంతర్యుద్ధంలో ఉన్న దేశంలో తీసింది కాదు. యూరప్‌లో, స్పెయిన్‌లో, ఆ దేశం నుంచి విడిపోవాలా అని కాటలోనియా ప్రాంతం పెట్టుకున్న ప్రజాభిప్రాయ సేకరణ రోజున తీసింది. విడిపోతామన్నవాళ్లు ఒప్పో, కలిసుండాలన్నవాళ్లు ఒప్పో తర్వాత మాట్లాడుకుందాం. చేతిలో కాగితం ముక్క తప్ప ఇంకేమీ లేని మనిషి మీద ప్రభుత్వం లాఠీ ఎత్తింది. అది తప్పు. ముందు ఆ మాట గట్టిగా అనాలి.

అక్కడి జనం ఆ రోజు కోసం ఎలా కాచుకున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పోలింగ్ కేంద్రాలుగా పెట్టుకున్న బడులకు తాళాలు వేయమని పైనుంచి ఆదేశాలు వచ్చాయి. దాంతో శుక్రవారం సాయంత్రం బడి వదిలిన దగ్గర్నుంచి తల్లిదండ్రులు, పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఆటలు పెట్టుకున్నారు, వంటలు చేసుకున్నారు, తరగతి గదుల్లోనే పడుకున్నారు. ఆదివారం తెల్లవారకముందే, వానలో గొడుగులు పట్టుకుని వరస కట్టారు. వారాల తరబడి పోలీసులు గాలించినా దొరకని బ్యాలెట్ పెట్టెలు, చీకటి విడిపోకముందే చెత్త వేసే నల్ల సంచుల్లో చుట్టుకుని బడి గేటు దాటి లోపలికి వచ్చాయి. జాబితా సరిచూసే ఇంటర్నెట్ మొరాయిస్తుంటే, వరసలో ఉన్నవాళ్లంతా ఫోన్లు ఆపేయండని వాలంటీర్లు అడిగారు, ఆపేశారు. కర్రలూతుకుంటూ, చక్రాల కుర్చీల్లో వచ్చిన ముసలివాళ్లను ముందుకు పంపారు. వాళ్లు ఓటేసి బయటికొస్తుంటే గేటు దగ్గర నిలబడ్డవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ వయసు వాళ్లకు స్పెయిన్‌ను నియంతగా ఏలిన ఫ్రాంకో కాలం తెలుసు. కాటలాన్ భాషను ప్రభుత్వ కార్యాలయాల్లోంచి, బడుల్లోంచి వెళ్లగొట్టిన రోజులు తెలుసు. ఆ చప్పట్లకు అర్థం వాళ్లకే పూర్తిగా తెలియాలి.

తర్వాత హెల్మెట్లు, డాళ్లతో పోలీసులు దిగారు. అప్పటి కాటలోనియా అధ్యక్షుడు కార్లెస్ పుయిగ్డెమోంట్ ఓటు వేయాల్సిన క్రీడా భవనం అద్దాల తలుపును బద్దలు కొట్టుకుని లోపలికి చొరబడ్డారు. ఆయన మరో ఊరికి వెళ్లి ఓటేశారు. మెట్ల మీద కూర్చున్నవాళ్లను పోలీసులు జుట్టు పట్టి లాగారు. రబ్బరు తూటాలు పేల్చారు. రెండు చేతులూ పైకెత్తి 'ఓటేస్తాం, ఓటేస్తాం' అన్నవాళ్లనే తోసేసి పెట్టెలు ఎత్తుకెళ్లారు. కొన్నిచోట్ల అగ్నిమాపక సిబ్బంది యూనిఫాంలోనే వచ్చి పోలీసులకూ జనానికీ మధ్య అడ్డుగోడగా నిలబడ్డారు. కాటలోనియా రాజధాని బార్సిలోనా జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని రాత్రి టీవీ పెట్టిన మన కుర్రాళ్లకు ఒక్క ప్రేక్షకుడూ లేని స్టేడియం కనిపించింది. ఆ రోజు గాయపడినవారు వందల్లో ఉన్నారని కాటలోనియా ప్రభుత్వం చెప్పింది. ఇంత జరిగాక కూడా పోలీసులు వృత్తి నైపుణ్యంతో, తగిన మోతాదులోనే వ్యవహరించారని అప్పటి స్పెయిన్ ఉపప్రధాని కితాబిచ్చారు. అప్పటి ప్రధాని మరియానో రజోయ్ ఇంకో మెట్టు పైకెక్కి, అసలు ప్రజాభిప్రాయ సేకరణే జరగలేదన్నారు. జరగనిదాన్ని ఆపడానికి అంతమంది పోలీసులు ఎందుకు?

మాడ్రిడ్, అంటే స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం, వాదన మాకు తెలియనిది కాదు. 1978 రాజ్యాంగం స్పెయిన్ విడదీయరానిదని అంటోంది. సెప్టెంబరు 6న కాటలోనియా పార్లమెంటు చేసిన ప్రజాభిప్రాయ సేకరణ చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానం మర్నాడే నిలిపేసింది. ఓటరు ఎక్కడైనా ఓటేయొచ్చని పోలింగ్ మొదలయ్యే ముందు నిబంధన మార్చడం పద్ధతి కాదు. కలిసుండాలనేవాళ్లలో చాలామంది ఆ వరసల వైపే రాలేదు. కాబట్టి ఈ ఫలితాన్ని పట్టుకుని రేపు స్వాతంత్య్రం ప్రకటిస్తే అది నిలవదు. పోలీసులకూ దెబ్బలు తగిలాయంటున్నారు, తగిలే ఉంటాయి.

ఇవన్నీ ఒప్పుకున్నాకే అడుగుతున్నాం. చెల్లని ఓటైతే చెల్లదని చెప్పి వదిలేయొచ్చు కదా? కోర్టు కొట్టేసిన ఓటింగుకు విలువ లేదని మాడ్రిడ్‌కు అంత నమ్మకం ఉంటే, జనాన్ని కాగితాలు వేసుకోనిచ్చి మర్నాడు చట్టం మాట చట్టం చెబితే సరిపోయేది. సెప్టెంబరు 20న డజనుకు పైగా అధికారులను అరెస్టు చేశారు. కోటికి దగ్గరగా బ్యాలెట్ పత్రాలను పట్టుకెళ్లారు. అయినా జనం ఆగలేదని చివరికి ఒళ్లు పగలగొట్టారు. ఓటు అడిగినవాడికి ఓటు తప్ప ఇంకేదైనా జవాబుగా ఇవ్వొచ్చనే ఆనవాయితీ ఆదివారం మొదలైంది. మా భయమంతా దాని గురించే.

కలిపి ఉంచుకోవాలంటే కొట్టాల్సిన పనిలేదని నిరూపించిన దేశాలు కళ్లముందే ఉన్నాయి. 2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్ ఓటేసింది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా అని లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుని మరీ అడగనిచ్చింది. పదహారేళ్ల పిల్లలకు ఓటిచ్చారు. అక్కడ ఉంటూ చదువుకుంటున్న మన పిల్లలకు కూడా, కామన్వెల్త్ పౌరులు కాబట్టి, ఓటు దక్కింది. 84.6 శాతం మంది వచ్చారు. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా పోలింగ్ జరిగింది. అవునన్నవాళ్లూ కాదన్నవాళ్లూ ఒకే గేటు దగ్గర బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడ్డారు. 55 శాతం మంది కలిసే ఉంటామన్నారు. ఇల్లు నిలిచింది. 1995 అక్టోబరు 30న, విడిపోవాలా అని కెనడాలోని క్యూబెక్ రాష్ట్రాన్ని అడిగినప్పుడైతే దాదాపు 54 వేల ఓట్ల తేడాతో కెనడా గట్టెక్కింది. 93 శాతానికి పైగా పోలింగ్, ఊపిరి బిగపట్టిన రాత్రి. అయినా ఏ పోలీసూ ఏ పెట్టెనూ ఎత్తుకెళ్లలేదు. అడిగిన రెండు దేశాలూ ముక్కలు కాకుండా ఉన్నాయి. రజోయ్‌కు ఈ రెండూ తెలియవా?

భయపెడితే జనం ఇంట్లో కూర్చుంటారనుకోవడం కూడా వెర్రితనమే. 1999 ఆగస్టు 30న, ఇండోనేషియా ఏలుబడిలో ఉన్న తూర్పు తైమూర్‌లో ఆ దేశ సైన్యం అండ ఉన్న మిలీషియాలు తుపాకులతో తిరుగుతుంటే, ఓటేస్తే ఏం జరుగుతుందో తెలిసి కూడా జనం చీకటితోనే కొండలు దిగివచ్చారు. 98 శాతానికి పైగా ఓటేసి మళ్లీ కొండల్లోకి వెళ్లి దాక్కున్నారు. ఫలితం వచ్చాక ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు. అయినా మూడేళ్లు తిరక్కుండానే ఆ దేశానికి జెండా వచ్చింది. కాటలోనియా తూర్పు తైమూర్ కాదు, స్పెయిన్ నాటి ఇండోనేషియా కాదు. కానీ ఓటు వేయాలని తీర్మానించుకున్న మనిషిని దెబ్బ ఆపుతుందనుకున్న బుద్ధి ఒక్కటే.

అసలు ప్రమాదం స్పెయిన్‌తో ఆగదు. అంతకు ఆరు రోజుల ముందు, సెప్టెంబరు 25న, ఇరాక్‌లో కుర్దులు స్వాతంత్య్రం మీద ఓటేశారు. బాగ్దాద్‌లోని ఇరాక్ ప్రభుత్వం ఆ కుర్దుల విమానాశ్రయాలకు అంతర్జాతీయ విమానాలు రాకుండా ఆపేసింది. ఇకమీదట బాగ్దాద్‌ను ఏ యూరప్ దేశం ఏ ముఖంతో ప్రశ్నిస్తుంది? రేపు ఏ నియంత అయినా, ఏ అత్తెసరు ప్రజాస్వామ్యమైనా పోలింగ్ కేంద్రం తలుపు బద్దలుకొట్టి, 'స్పెయిన్ చేయలేదా?' అంటుంది. ప్రపంచంలో ఎక్కడ ఎన్నిక జరిగినా పరిశీలకులను పంపి, తప్పులెన్ని, నివేదికలు రాసే యూరోపియన్ యూనియన్ పెద్దలు ఆదివారం నోరు మెదపలేదు. అప్పటి బెల్జియం ప్రధాని లాంటి ఒకరిద్దరు హింస తగదన్నారు. మిగతావాళ్లకు అది స్పెయిన్ ఇంటి గొడవట. పరాయి దేశంలో బ్యాలెట్ పెట్టె పగిలితే ప్రజాస్వామ్యానికి ముప్పు, తమ కూటమిలో పగిలితే ఇంటి గొడవా? ఈ మౌనాన్ని జనం గుర్తుపెట్టుకుంటారు.

మన పాఠకుల్లో కొందరికి ఈ మాటలు రుచించవని మాకు తెలుసు. ఈ ఊరు సమైక్యం కోసం రోడ్డెక్కిన ఊరు. 2013లో మానవహారాలు కట్టి, నడిరోడ్డు మీద వంటావార్పు చేసి, ఆర్టీసీ బస్సులు డిపో దాటకుండా వారాల తరబడి పోరాడిన తిరుపతి ఇది. కలిసుండాలనే మాట విలువ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు మనకు తగిలిన దెబ్బ ఏమిటి? మనల్ని అడగలేదన్నదే కదా. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రసారాలు ఆపేసి రాష్ట్ర విభజన బిల్లు ఆమోదించుకున్నారన్నదే కదా మన కడుపుమంట. అడక్కుండా విడదీసినందుకు అంత మండిన మనం, అడగనివ్వకుండా కట్టి ఉంచితే సరేనని ఎలా అంటాం? మనకైతే ఒక న్యాయం, బార్సిలోనాకైతే ఇంకో న్యాయం అనలేం.

జనాన్ని అడగడం ఈ దేశానికి కొత్తేమీ కాదు. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్ సంస్థానం ప్రజలను భారత్ వైపా, పాకిస్తాన్ వైపా అని అడిగాం. పాకిస్తాన్ వైపు పడ్డవి 91 ఓట్లు. 1967 జనవరి 16న గోవా ప్రజలను మహారాష్ట్రలో కలుస్తారా అని అడిగాం. 34 వేల ఓట్ల తేడాతో వద్దన్నారు, ఢిల్లీ ఒప్పుకుంది. అడిగినందువల్ల ఈ దేశం చిక్కిపోలేదు. అడగాల్సిన ఇతర చోట్ల, ఇతర వేళల్లో అడగలేదన్నది కూడా అంతే నిజం. మాడ్రిడ్ మీద ఢిల్లీ అప్పట్లో ఒక్క మాట కూడా అనలేకపోవడానికి కారణం అదేనేమో.

ఇంకొక్క సంగతి. అదే ఆదివారం ఉదయం తిరుమలలో బ్రహ్మోత్సవాల చివరి ఘట్టం, చక్రస్నానం. చక్రత్తాళ్వార్‌తో పాటే మునగాలని పుష్కరిణి మెట్ల మీద జనం ఒకరి మీద ఒకరు పడతారు. పిల్లలను భుజాన వేసుకున్న తండ్రులు, తడిబట్టల్లో వణికే వృద్ధులు, గోవింద నామాల హోరు. మన పోలీసులు ఆ తొక్కిడిలో తాళ్లు పట్టుకుని, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్కరికీ చేయి అందించి మెట్లెక్కిస్తారు. వాళ్లను పొగిడే సందర్భాలు మాకు తక్కువే వస్తాయి. కానీ గుంపును చూడగానే చేయి లాఠీ మీదికే పోనక్కర్లేదని తొమ్మిది రోజులు పనిచేసి చూపించారు. వరసలో నిలబడి కాగితం మడిచి వేసే జనం, పుష్కరిణి జనం కన్నా లొంగదీయడం కష్టమైనవాళ్లా? కాదు. స్పెయిన్ పోలీసులకు అందిన ఆదేశం వేరు, అంతే.

ఇక మన ఇంటి సంగతి. ఓటు అడిగితే కొట్టడం ఒక పద్ధతి. ఓటే పెట్టకపోవడం ఇంకో పద్ధతి. దానికి నెత్తురు కారదు, ఫొటోలు రావు, విదేశీ విలేకరులు రారు. తిరుపతి మున్సిపాలిటీ 2007లో నగరపాలక సంస్థ అయింది. 2017 నాటికి పదేళ్లు గడిచాయి. అప్పటిదాకా ఒక్క ఎన్నిక జరగలేదు, మేయరు లేరు, కార్పొరేటరు లేరు. 2007లో కొత్తగా ఓటు హక్కు వచ్చిన కుర్రాడికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. తన వీధి కాలువ గురించి అడగడానికి తాను ఎన్నుకున్న మనిషి ఒక్కడు లేకపోయాడు. అర్జీ పట్టుకుని అధికారుల గుమ్మాల ముందు నిలబడాల్సి వచ్చింది. పంచాయతీల విలీనం అన్నారు, డివిజన్ల విభజన అన్నారు, కోర్టు కేసులన్నారు. 2014 మార్చిలో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగితే తిరుపతిని పక్కన పెట్టారు. కాంగ్రెస్ ప్రభుత్వం సాగదీసింది, తెలుగుదేశం ప్రభుత్వమూ సాగదీసింది, చివరికి 2021లో గానీ ఎన్నిక జరగలేదు. ఓటు అడిగినవాడికి ఓటు తప్ప ఇంకేదైనా జవాబుగా ఇవ్వొచ్చనే ఆనవాయితీ స్పెయిన్‌లో పుట్టిందని పైన రాశాం. తిరుపతిలో దానికి అప్పటికే పదేళ్లు నిండాయి.

2017 ఆగస్టు 29న కాకినాడ నగరపాలక సంస్థకు ఎన్నికలు పెట్టగలిగారు. గెలిచాక బాణసంచా కాల్చుకున్నారు. కాకినాడకు అడ్డురాని కారణాలు తిరుపతికే ఎందుకు అడ్డొచ్చాయి? అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబుది ఈ జిల్లానే, చదివింది ఎస్వీ యూనివర్సిటీలోనే. అప్పటి పురపాలక మంత్రి నారాయణది పక్కనున్న నెల్లూరు. ఇద్దరికీ ఈ ఊరి వీధులు తెలుసు. మైకుల ముందు కాటలోనియా మీద, ప్రజాస్వామ్యం మీద మాట్లాడాలని మన నాయకులకు అప్పుడు ఉత్సాహం పుట్టి ఉండొచ్చు. ఆ రోజు వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటే. ముందు తిరుపతి ఎన్నికలకు తేదీ చెప్పండి. చెప్పలేకపోతే బార్సిలోనా ఊసెత్తకండి.