సోతిగి కుయాతేని తయారు చేసింది పీటర్ బ్రూక్ కాదు

2009లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా సిల్వర్ బేర్ అందుకునేనాటికి సోతిగి కుయాతే వయసు 72. మరుసటి ఏడాది ఏప్రిల్ 17న పారిస్‌లో కన్నుమూశారు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒకే కథ చెబుతారు. పశ్చిమ ఆఫ్రికాలో మరుగున పడి ఉన్న మనిషిని ఇంగ్లిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ వెతికి పట్టుకుని, తన మహాభారతం నాటకంలో భీష్ముడి వేషం కట్టించి, ప్రపంచానికి చూపించాడని. ఆ కథ తప్పు. బ్రూక్ ఇచ్చింది పెద్ద వేదిక, అంతవరకే. నటుణ్ణి తయారు చేసింది ఆయన పుట్టిన ఇల్లు, ఆ ఇంటి కులవృత్తి.

ఆ వృత్తిని గ్రియో అంటారు. పశ్చిమ ఆఫ్రికాలోని మాండే జనం తమ భాషలో జెలి అంటారు. వంశావళిని నోటికి చెప్పడం, పెళ్లికీ బారసాలకూ పాడటం, రెండు కుటుంబాలు తగువు పడితే కూర్చోబెట్టి రాజీ చేయడం, అవసరమైతే రాజుకు ఎదురుగా నిలబడి నిజం చెప్పడం, ఇవన్నీ గ్రియో పనులే. 13వ శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సున్‌జాతా కేయితాకు బాలా ఫాసెకే కుయాతే గ్రియోగా ఉన్నాడని వాళ్ల గాథలు చెబుతాయి. అప్పటినుంచీ కేయితా వంశానికి కుయాతేలే గ్రియోలు. 1936లో ఇప్పటి మాలీ రాజధాని బమాకోలో పుట్టిన సోతిగి ఆ కుయాతేల బిడ్డ. ఇప్పుడు బుర్కినా ఫాసోగా పిలుస్తున్న అప్పర్ వోల్టా తరఫున జాతీయ జట్టులో ఫుట్‌బాల్ కూడా ఆడారు. 1966లో నాటకాల్లోకి వచ్చారు, కొన్నాళ్లకే సొంత బృందం పెట్టుకున్నారు, సినిమాల్లో నటించారు. బ్రూక్ పిలుపు వచ్చింది 1980లలో. అప్పటికే పదిహేనేళ్లకు పైబడిన అనుభవం ఉన్న నటుణ్ణి ఎవరో 'కనిపెట్టారు' అనడం ఏం న్యాయం?

ఇక మహాభారతం. 1985 జూలైలో ఫ్రాన్స్‌లోని అవిన్యాన్ దగ్గర ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటల నాటకం. ఎన్నో దేశాల నటులు. ద్రౌపదిగా మల్లికా సారాభాయ్, భీముడిగా సెనెగల్ నటుడు మమాదూ దియూమ్, భీష్ముడిగా సోతిగి. మనకు భీష్ముడంటే 1962 నాటి సినిమాలో ఎన్టీఆర్. ఆ రూపం, ఆ కంఠం మన కళ్లలో, చెవుల్లో ఉండిపోయాయి. సోతిగి దగ్గర అవేవీ లేవు. బాగా పొడవైన, బక్కపలచని మనిషి. తొందర లేని మాట. చూస్తే వీరుడనిపించడు, ఆ ఇంట్లో అందరికంటే ముందు పుట్టి, అందరి చావులూ చూడబోయే పెద్దమనిషి అనిపిస్తాడు.

కురువంశానికి భీష్ముడు ఎవరు? ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఏం మాట ఇచ్చారో మొత్తం తెలిసిన మనిషి. అంపశయ్య మీద పడుకుని కూడా ధర్మరాజుకు రాజనీతి చెప్పిన మనిషి. గ్రియో చేసే పని అదే కదా! అందుకే సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు తేల్చి చెప్పలేకపోవడం ఈ నటుడి దగ్గర మరింత బరువెక్కుతుంది. మాటే వృత్తిగా బతికే వంశంలో పుట్టినవాడికి, చెప్పాల్సిన చోట నోరు పెగలకపోవడం ఎంత పెద్ద పతనమో వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. యూరప్ నటశిక్షణాలయం ఈ ఎరుక ఇవ్వలేదు. ఇస్తే గిస్తే ఊరి రచ్చబండ ఇస్తుంది.

దీనికి అభ్యంతరం ఉంది, తెలుసు. బ్రూక్ లేకపోతే పారిస్ లేదు, పారిస్ లేకపోతే బెర్లిన్ లేదు అంటారు. నిజమే. మహాభారతాన్ని దాని నేల నుంచి పెకిలించి అమ్ముకున్నాడని రుస్తుం భరూచా లాంటి మన విమర్శకులు బ్రూక్‌ని తీవ్రంగా తప్పుబట్టారు కూడా. కానీ ఈ రెండు వాదాల్లోనూ మధ్యలో నిలబడింది బ్రూకే. పొగిడినా తిట్టినా ఆయన గురించే. అవకాశం ఇచ్చినవాడికి కృతజ్ఞత చెప్పొచ్చు, విద్య మాత్రం ఆయన ఖాతాలో రాయకూడదు.

బహుముఖ నటుడు అని సోతిగిని మెచ్చుకునేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. బ్రూక్ దగ్గరే షేక్‌స్పియర్ ప్రాస్పెరో అయ్యారు, 2004లో మాలీ సూఫీ గురువు తియెర్నో బొకార్ అయ్యారు. మాలీ సినిమాలో బైబిల్ యాకోబు అయ్యారు. కొడుకు దానీ కుయాతే 1995లో తీసిన సినిమాలో, నగరంలో పెరుగుతున్న కేయితా పిల్లాడికి వాడి పేరు వెనకున్న చరిత్ర చెప్పడానికి వచ్చిన ముసలి గ్రియో అయ్యారు. 2001లో వచ్చిన రషీద్ బుషారెబ్ సినిమాలో, బానిసలుగా అమ్ముడుపోయిన తన పూర్వీకుల సంతతిని వెతుక్కుంటూ సెనెగల్‌లోని గోరే దీవి నుంచి అమెరికా వెళ్లిన వృద్ధుడు అయ్యారు. వీటిలో వేషాలు మారాయి, విద్య ఒక్కటే. ఎక్కడా పాత్ర వెనక దాక్కోలేదు. ఒక మనిషి కథను మోసుకొచ్చి మన ముందు దించినట్టు నటించారు.

బెర్లిన్ అవార్డు తెచ్చిన పాత్రే చూడండి. 2005 జూలై 7 లండన్ బాంబు పేలుళ్ల తర్వాత కనిపించకుండా పోయిన కొడుకు కోసం ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉస్మాన్. అడవుల్లో చెట్లు చూసుకునే పని ఆయనది. కొడుకును చిన్నప్పుడే వదిలేసి వచ్చాడు. కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన ఇంగ్లిష్ తల్లిగా బ్రెండా బ్లెథిన్. మొదట్లో ఆయన చెయ్యి చాపితే ఆమె అందుకోదు. ఇంకొక నటుడైతే ఆ అవమానాన్ని ముఖంలో పలికించేవాడు. సోతిగి దాన్ని పైకి తేలనివ్వరు. ఎదుటి మనిషి భయాన్ని అర్థం చేసుకుని, ఆమె కుదుటపడేదాకా ఆగుతారు. అది నటనలో పొదుపు అని విమర్శకులు రాస్తారు. నాకైతే అందులో తగువు తీర్చేవాడి ఓర్పు కనిపిస్తుంది. ఇరుపక్షాల మధ్య కూర్చునేవాడు తన బాధను ముందు పెట్టడు.

ఆయన తన మూలాలకు దూరం కాలేదు కూడా. 1997లో బమాకోలో మిత్రులతో కలిసి మాండెకా థియేటర్ పెట్టారు. గ్రీకు అంటిగొనీ నాటకాన్ని ఆఫ్రికా నేల మీదికి తెచ్చి, మాలీ నటులతో ఆడించారు.

ఇదంతా తెలుగువాళ్లకు ఎందుకంటే, మన దగ్గరా కుయాతేలు ఉన్నారు. ఒక కులానికి దాని వంశకథ చెప్పి బతికే ఆశ్రిత కులాల వ్యవస్థ గ్రియోలకు ఎంత దగ్గరో ఆలోచించండి. ముదిరాజుల ఇళ్లకు పటం తెచ్చి పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్లు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. ఒగ్గు కథలో మల్లన్న కథ నడిపే ప్రధాన కథకుణ్ణి గమనించండి. డోలు దరువు మారేలోపు గొంతు మార్చి తల్లి అవుతాడు, మరో చరణానికి మళ్లీ కథకుడు. పక్కవాడు అడ్డుప్రశ్న వేస్తే అక్కడికక్కడే జవాబు. రాత్రంతా, మైకు ఉన్నా లేకున్నా, నిద్రకళ్ల జనాన్ని లేవకుండా కూర్చోబెట్టడం చిన్న విద్యా?

అలాంటివాళ్లను మనం జానపద కళాకారులనే గదిలో పెట్టి తాళం వేశాం. చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది, సంతోషం. 2023లో 'బలగం' చివర్లో బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే తెలంగాణ పల్లెల్లో జనం తెరలు కట్టుకుని చూసి ఏడ్చారు. ఆ ఏడుపు పుట్టించింది పాట ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎక్కడ ఆగాలో, ఎవరి వైపు చూడాలో, ఏ మాటను నొక్కాలో తెలిసిన పరిపూర్ణ నటన అది. అయినా వాళ్లను గాయకులుగానే చూశాం. తాతగా, సర్పంచ్‌గా, లాయర్‌గా పాత్ర రాసి అలాంటి కళాకారుల చేతిలో పెట్టాలన్న ఆలోచన మన సినిమాకు ఎందుకు రావడం లేదు? కులం ఇక్కడ అడ్డు పడుతోందని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. వంశపారంపర్యంగా కథ చెప్పేవాడిది అడుక్కునే బతుకనీ, నటన మాత్రం చదువుకున్నవాళ్ల కళ అనీ మనలో పాతుకుపోయింది.

మన విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖల్లో ఒగ్గు కథకుణ్ణి, శారదకాండ్ర కథకుణ్ణి నటన నేర్పే అధ్యాపకులుగా తీసుకోవాలి. ఒకరోజు వర్క్‌షాప్‌కి పిలిచి శాలువా కప్పి పంపడం కాదు, నెల జీతంతో, డిగ్రీ అడగకుండా. సినిమా వాళ్లు ఆడిషన్లు ఫిల్మ్‌నగర్‌లోనే పెట్టకుండా కొమురవెల్లి జాతరకు వెళ్లి చూడాలి. కుటుంబంలో వృత్తి వదిలేసి ఆటో నడుపుతున్న పాతికేళ్ల కుర్రాడికి ఇప్పుడు ఆ పాత్ర, ఆ జీతం దొరికితేనే తాత దగ్గర కథ నేర్చుకోవడానికి కూర్చుంటాడు.